మంద కుక్కలకు వచ్చు పిడుదు జ్వరము



అనంతపురము సీమనుండి కుక్కల జబ్బును గురించి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. మనుష్యులకే త్రాగునీరు చాలని చోట కుక్కకు వచ్చిన జ్వరమును గూర్చి ఇంతసేపు మాటలాడవలెనా యని యడుగువారు నా మిత్రులలోనే కలరు. అట్లడుగువారు పట్టణములో గొలుసుకు కట్టి పెంచెడి కుక్కను మాత్రమే యెరిగినవారు. నేను చెప్పదలచినది ముఖ్యముగా మంద కుక్కను గురించి.

ఈ పీఠభూమికి వాన రెండు దిక్కులనుండియు తప్పిపోవును. నైరుతి ఋతుపవనము తన తడిలో పెద్దపాలు పడమటి కనుమల కావలనే దింపి, వట్టి గాలియై మనపై వీచును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున కురిసి, ఇచ్చటికి చేరుసరికి బలము తగ్గిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మన పాలిటిది. అదియు కొన్ని యేండ్లలో నాలుగైదు జల్లులలోనే ముగిసిపోవును. అట్టి యేట వేరుసెనగ వేసిన రైతునకు గింజలు రావు, పొట్టు వచ్చినను వచ్చును. అప్పుడు ఇంటిని నిలువబెట్టునది గొర్రె. ఎండిన గడ్డిపోచయు, తుమ్మకాయయు తిని బ్రతుకగల జంతువది. 2022వ సంవత్సరమున పాత జిల్లా రెండై, ఒక భాగము శ్రీ సత్యసాయి జిల్లా యైనది గాని, రాయియు ఎండయు రెండింటను ఒక్కటే. నేను అనంతపురము సీమ యన్నప్పుడెల్ల రెండింటిని కలిపియే చెప్పుచున్నానని గ్రహింపవలెను.

గొర్రె యున్న చోట తోడేలును ఉండును. ఈ సీమలోని గుట్టలలోను, బీళ్లలోను తోడేళ్లు నేటికిని కలవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని కాపాడుచున్నది, కాపాడవలసినదే. కాని కాపరి చేతిలో మిగిలిన ఆయుధము చేతికఱ్ఱయు, కుక్కయు మాత్రమే. రాత్రి రొప్పము చుట్టు ముండ్లకంప వేసి, కంబళి కప్పుకొని పడుకొన్న కురుబ కాపరికి నిద్ర పట్టుట తన కుక్క మేలుకొని యున్నదన్న నమ్మకము చేతనే. అట్టి కుక్క చచ్చినచో దాని స్థానమున మరియొక దానిని తెచ్చుటకు డబ్బు చాలదు. మంద యెరిగి, దారి యెరిగి, కాపరి ఈల యెరిగిన కుక్క తయారగుటకు రెండేండ్లు పట్టును.

నేను పశువైద్యుడను. ఈ సీమలో పని చేసిన కాలమున ఒక వేసవిలో కల్యాణదుర్గము వైపునుండి ఒక కాపరి తన కుక్కను భుజముపై వేసికొని ఆసుపత్రికి వచ్చెను. దాని ముక్కునుండి ఒక ప్రక్కగా నెత్తురు కారుచుండెను. చిగుళ్లు తెల్లబడి, పొట్టపై చర్మమున ఆవగింజలంతేసి ఎఱ్ఱని చుక్కలు కనుపించుచుండెను.

“ఎండకు వేడి చేసినాది సామీ. మూడు దినాలుగా మజ్జిగ పోస్తాండాము” అనెను.

“అంతకు ముందెన్నడైనను జబ్బు పడినదా?” యని యడిగితిని.

“పోయిన యేడు ఉగాది ముందర నాలుగైదు దినాలు కూడు ముట్టల్యా. అంతే సామీ. తనంతట తానే బాగైపోయ.”

ఈ చివరి మాటలోనే జబ్బు చరిత్ర యంతయు ఇమిడి యున్నది. ఆ కుక్క బాగు కాలేదు. పదునాలుగు నెలలు జబ్బును లోపల పెట్టుకొని మంద కాచినది. మేము చేయగల చికిత్స చేసితిమి గాని తొమ్మిదవ నాడు చచ్చెను. ఆ నెలలోనే అతని రొప్పములో తోడేలు పడి ఏడు గొర్రెపిల్లలను కొరికిపోయెనని తరువాత విన్నాను.

వేడి చేయుట యనుమాట మన సీమలో అన్నింటికిని సమాధానము. నలువది డిగ్రీలు దాటిన ఎండలో మనుష్యుల ముక్కులనుండియు నెత్తురు కారుట కలదు గనుక, కుక్కకును అదే యని తలచుట సహజము. కాని ఎండదెబ్బ తగిలిన కుక్క ఆ పూటనే రొప్పుచు, తూలుచు పడిపోవును. దాని సంగతి గంటలలో తేలును. ఎండకు కాక, నెత్తురు గడ్డ కట్టు శక్తి తగ్గుటచేత కారు నెత్తురు వేరు. దానికి మజ్జిగ మందు కాదు.

ఈ జబ్బునకు కారణమైన సూక్ష్మజీవి పేరు ఎర్లిఖియా కేనిస్. నాలుక తిరుగని పేరే గాని దానికొక కథ కలదు. 1935వ సంవత్సరమున ఉత్తర ఆఫ్రికాలోని ఆల్జీరియా దేశమున, అచ్చటి పాస్చరు సంస్థలో పని చేయుచుండిన దొనాతియే, లెస్తోకార్ అను నిద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పిడుదులు పట్టి జ్వరపడిన కుక్కల నెత్తురులో దీనిని మొదట కనుగొనిరి. 1945లో, నెత్తురు కణములకు రంగు వేసి పరీక్షించు పద్ధతులకు బాట వేసిన జర్మను వైద్యుడు పాల్ ఎర్లిఖ్ పేర దీనిని పిలువసాగిరి. ఇది పురుగు కాదు, వైరసు కాదు. బాక్టీరియా జాతికి చెందినది. ఐనను తక్కిన బాక్టీరియావలె పుండులోనో, నీటిలోనో స్వతంత్రముగా బ్రతుకలేదు. కుక్క నెత్తురులోని ఒక జాతి తెల్లకణములలో దూరి, వానిలోపలనే పెరుగును. సూక్ష్మదర్శినిలో చూచినచో తెల్లకణము నడుమ మల్బరీ పండువలె గుత్తిగా కనుపించును. శత్రువులను పట్టి మ్రింగవలసిన కావలి కణమే శత్రువునకు ఇల్లగుట ఈ జబ్బులోని కష్టము.

ఇది ఎక్కడనో ఆఫ్రికాలోని మాట యని యనుకొనవలదు. 1944వ సంవత్సరముననే ముదలియారు అను పశువైద్యుడు దక్షిణ హిందూదేశపు కుక్కలలో ఈ జబ్బును గుర్తించి, మదరాసునుండి వెలువడు ఇండియన్ వెటర్నరీ జర్నలులో ప్రకటించెను. అప్పుడు అనంతపురము మదరాసు రాజధానిలోని జిల్లాయే. అనగా మన ఇంటి వాకిట ఈ సంగతి తెలిసి ఎనుబది యేండ్లు దాటినది. లోకము మాత్రము దీనిని గట్టిగా పట్టించుకొన్నది 1960-70 దశకపు చివరి యేండ్లలో. వియత్నాము యుద్ధమునకు తీసికొనిపోయిన అమెరికా సైన్యపు కుక్కలు, ముఖ్యముగా జర్మను షెపర్డు జాతివి, ముక్కులనుండి నెత్తురు కారి వందకు మించి చచ్చినవి. సైన్యమునకు నష్టము కలిగిన తరువాత గాని పరిశోధనకు వేగము రాలేదు. కాపరి కుక్కలు లెక్కలేనన్ని అంతకు ముందే చచ్చియుండును. వాని లెక్క వ్రాసినవారు లేరు.

ఇక పిడుదు సంగతికి వత్తును. గోమారి యని కూడ మన పల్లెలలో పిలుచు ఈ పురుగును చూడనివారు ఉండరు. పశువులను పట్టునవి, గొర్రెలను పట్టునవి, కుక్కను పట్టునవి వేరువేరు జాతులు. మనకు కావలసినది గోధుమవన్నె కుక్కపిడుదు. దీని జీవితమును కొంచెము నెమ్మదిగా చెప్పనిండు. ఏలయనగా జబ్బును ఆపుటకు మార్గమంతయు ఇందే కలదు.

నెత్తురు త్రాగి ఉబ్బి, సెనగగింజకంటె పెద్దదై బూడిదవన్నెకు తిరిగిన ఆడపిడుదు కుక్కను వదలి క్రింద పడును. పడి అక్కడనే యుండదు. గోడ వైపు నడచును, గోడ నెక్కును. రాతి సందులలోనో, పగిలిన మట్టిపూతలోనో, దూలము క్రిందనో చీకటి చోటు చూచుకొని రెండు మూడు వేల గ్రుడ్లు, ఒక్కొక్కప్పుడు నాలుగు వేలు కూడ పెట్టి చచ్చును. కొన్ని వారములకు గ్రుడ్లు పగిలి ఆరుకాళ్ల పిల్లలు వెలువడును. ఇవి ఇసుకరేణువంత యుండును. మామూలు కంటికి దుమ్మువలె కనుపించును. కుక్క నెక్కి కొన్ని దినములు నెత్తురు త్రాగి, దిగి, మరల గోడ చేరి, కుబుసము విడిచి ఎనిమిది కాళ్ల నడిప్రాయపు పిడుదులగును. ఇవియు కుక్క నెక్కి త్రాగి, దిగి, మరల గోడ చేరి పెద్దవగును. పెద్దవి మూడవమారు ఎక్కును. ఇట్లు ఒక్క పిడుదు తన జీవితములో మూడు మారులు కుక్కపై నుండి, మూడు మారులు గోడలోనికి పోవును. లెక్క వేసి చూడుడు: అది కుక్కపై గడపునది మొత్తము మూడు నాలుగు వారములు, తక్కిన కాలమంతయు గోడలోనే. మీ కుక్కపై ఇరువది పిడుదులు కనుపించిన నాడు మీ గోడలో ఎన్ని కలవో ఊహించుకొనవలసినదే.

సామాన్యముగా మనవారు పిడుదులను వానకాలపు పీడ యందురు. పచ్చగడ్డిలోనుండి పశువులకు ఎక్కు జాతుల విషయమున ఆ మాట నిజమే. తడి లేనిచో అవి ఎండిపోయి చచ్చును. కుక్కపిడుదు అట్టిది కాదు. ఇది పొడి గాలికి అలవాటు పడినది, ఇండ్లలో కాపురముండుటకు పుట్టినది. పెద్ద పిడుదు ఆహారము లేక ఏడాదికి పైగా గోడలో కాచుకొని యుండగలదు. కరవు వచ్చి పొలములోని పురుగంతయు చచ్చినను ఇది చావదు. మరియు మన మిద్దె ఇండ్లను చూడుడు: సున్నము లేక పేర్చిన రాతి గోడ, దానిపై మట్టిపూత, ఎండకు అది పగిలిన పగుళ్లు, పైన దూలములు, వాకిట అరుగు, అరుగు క్రింద కుక్క. కుక్కపిడుదు తనకొక ఇల్లు కట్టించుకొనదలచినచో ఇంతకంటె మేలైన దానిని కట్టించుకొనలేదు. వేడి దేశములలోనుండు కుక్కపిడుదుల తెగ చలి దేశముల తెగకంటె ఈ సూక్ష్మజీవిని బాగుగా మోయగలదని ఇటీవలి ప్రయోగములు కూడ తెలిపినవి.

నేను గమనించిన దొకటి చెప్పెదను. వారమునకొక పొలము మారుచు తిరుగు మందల కుక్కలకు పిడుదులు తక్కువ. అవి దిగిన పిడుదును బయలులోనే విడిచి పోవును. పిడుదునకు మరల కుక్క దొరుకదు. ఒకే చోట రొప్పము నిలిపి, రాతి దడి కట్టి, అక్కడనే కుక్కను కట్టివేయు మందలలో జబ్బు హెచ్చు. నీరు తరిగిన యేట నాలుగైదు మందలు ఒక్క బోరుబావి చుట్టు నెలల తరబడి నిలిచిపోవును. అప్పుడు కుక్కలు కలియును, పిడుదులును కలియును. మగపిడుదు ఒక కుక్కపైనుండి మరియొక కుక్కపైకి ప్రాకి పోవును కూడ. కరవు యేడు జబ్బు యేడగుట ఇట్లు సంభవించుచున్నది.

పిడుదు పుట్టుకతో విషము గలది కాదు. ఆడపిడుదు నెత్తురులో సూక్ష్మజీవి యున్నను అది గ్రుడ్లకు దిగదు. పిల్లపిడుదు జబ్బు కుక్క నెత్తురు త్రాగినప్పుడే దానిని పొందును. కుబుసము విడిచి పెద్దదైనను అది లోపల నిలిచియే యుండును. తరువాత కరచిన కుక్కకు ఎక్కించును. కావున జబ్బునకు ఊట కుక్క, కాలువ పిడుదు. కరచిన మూడు గంటలలోనే ఎక్కింపగలదని ప్రయోగములలో తేలినది. అందుచేత సాయంకాలము పిడుదులు ఏరితిని గదా, ఇక భయము లేదనుకొనుట సరికాదు. ఏరుట మంచిదే, అది చాలదని మాత్రము చెప్పుచున్నాను.

సూక్ష్మజీవి లోపలికి పోయిన ఎనిమిది దినములకో, ఇరువది దినములకో కుక్కకు జ్వరము వచ్చును. కూడు ముట్టదు, మంద వెంట పోక నీడను వెదకుకొని పడుకొనును, దవడ క్రింద, మోకాలి వెనుక బిళ్లలు కట్టును, కండ్లు పుసులు కారును, ఒక్కొక్కప్పుడు కనుగ్రుడ్డు మసకబారును. రెండు మూడు వారములకు ఈ లక్షణములన్నియు, మందు వేసినను వేయకున్నను, తగ్గుట కలదు. ఇదియే రెండవ దశ. కుక్క తినును, పరుగెత్తును, మొరుగును. కాపరి కంటికి ఆరోగ్యముగానే యుండును. లోపల ప్లీహములో సూక్ష్మజీవి దాగి యుండును. ఇట్లు నెలలు గడచును, ఏండ్లు గడచుటయు కలదు. కొన్ని కుక్కలు తమ బలముచేత దీనిని పూర్తిగా జయించుటయు నిజమే. జయింపలేని వానికి మూడవ దశ వచ్చును. అప్పుడు ఎముకలలోని మూలుగ చెడి, నెత్తురు కణములు పుట్టుటయే ఆగిపోవును. ఆరోగ్యము గల కుక్క నెత్తురులో ఒక ఘన మిల్లీమీటరునకు రెండు లక్షలకు తక్కువ కాకుండ రక్తఫలకికలు, అనగా నెత్తురును గడ్డ కట్టించు తునకలు, ఉండవలెను. ఈ జబ్బులో అవి ఏబదివేలకు, ఇరువది వేలకు దిగిపోవును. ముక్కునుండి కారుట, చర్మముపై ఎఱ్ఱచుక్కలు, నల్లని మలము ఇందువలన కలుగునవే. మొదటి దశలో వచ్చిన కుక్క సాధారణముగా బ్రతుకును. మూలుగ చెడిన తరువాత వచ్చిన దానిని బ్రతికించుట మా చేతులలో చాలవరకు లేదు.

పిడుదు మోయునది ఈ ఒక్క సూక్ష్మజీవినే కాదు. రక్తఫలకికలలోనే దూరు అనాప్లాస్మా ప్లాటిస్ అను మరియొక బాక్టీరియా కలదు. ఎఱ్ఱకణములను పగులగొట్టు బబీసియా యను వేరొక జీవియు కలదు. అది బాక్టీరియా కాదు. దానిలో గిబ్సోని యను రకమును 1910లో ప్యాటన్ అను వైద్యుడు మదరాసులో వేటకు పెంచుచుండిన కుక్కలలో కనుగొని, నక్కలలోను ఉండుట చూచెను. బబీసియాకు పనిచేయు మందు వేరు, ఎర్లిఖియాకు పనిచేయు మందు వేరు. రెండును ఒక్క కుక్కకే పట్టుటయు అరుదు కాదు. జ్వరము, తెల్లని చిగుళ్లు చూచి ఊహతో మందు చెప్పువాని మాట వినవద్దని ఇందుకే చెప్పుచున్నాను. నెత్తురు చూడవలెను. గాజుపలకపై పూసిన నెత్తురులో ఎర్లిఖియా గుత్తి కంటబడుట అరుదు; కంటబడలేదు గనుక జబ్బు లేదనుటకు వీలు లేదు. రక్తఫలకికల లెక్కయు, దొరికిన చోట పది నిమిషములలో ఫలితమిచ్చు చిన్న పరీక్షపలకయు, పెద్ద ప్రయోగశాలలలో సూక్ష్మజీవి వారసపదార్థమును పట్టి చూపు పరీక్షయు కలవు. ఏ పరీక్షకైనను మందు మొదలు పెట్టక మునుపే నెత్తురు తీయవలెను.

మందు విషయమున మనము అదృష్టవంతులము. డాక్సీసైక్లిను అను మాత్ర దీనికి బాగుగా పనిచేయును. ఈ మందుల వంశమునకు మూలమైన ఆరియోమైసిను 1948లో లోకమునకు వెల్లడియైనది. దానిని కనుగొన్నది డగ్గరు అను శాస్త్రజ్ఞుడు, ఆ పరిశోధనశాలకు అధిపతిగా నుండి నడిపించినవాడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ యేటనే ఆయన అమెరికాలో కన్ను మూసెను. డాక్సీసైక్లిను ఆ వంశములో తరువాత పుట్టినది. 1967నుండి అమ్మకమున కలదు.

మోతాదు కుక్క బరువులో కిలోకు దినమునకు పది మిల్లీగ్రాములు. ఇరువది కిలోల మంద కుక్కకు దినమునకు రెండువందల మిల్లీగ్రాములు, అనగా నూరేసి మిల్లీగ్రాముల మాత్రలు రెండు. ఇట్లు ఇరువది యెనిమిది దినములు. మొత్తము ఏబదియారు మాత్రలు. ఇక్కడనే చిక్కు వచ్చును. మొదటి దశలో మందు పడిన రెండవ నాటికే జ్వరము దిగి కుక్క కూటికి లేచును. నాలుగవ నాటికి మంద వెంట పోవును. బాగైన కుక్కకు మాత్రలేల యని కాపరి మిగిలినవి దాచును. మరియొకరి కుక్కకు ఇచ్చుటయు కలదు. ఆయన లోభి కాడు. కరవు యేట ఏబదియారు మాత్రల ఖరీదు ఆలోచింపదగినదే. కాని నాలుగు దినములకు ఆపిన మందు కుక్కను రెండవ దశలోనికి పంపును, అంతే. గొర్రెల కొరకు ఇంటనుంచుకొన్న ఆక్సీటెట్రాసైక్లిను సూది ఒక్కటి పొడిచి ఊరకుండువారిదియు ఇదే దారి. అదియు ఆ వంశపు మందే గనుక జ్వరము దిగును, దిగుటచేతనే మోసపోవుదురు.

మాత్రను ఆకలి కడుపున ఇచ్చిన వాంతి యగును; ముద్దలో పెట్టి యిచ్చి, తరువాత నీరు త్రాగింపవలెను. మన సీమలో ముద్ద యనగా రాగి సంగటి. రాగిలో కాల్షియము మెండు, పాలలోను మెండు. ఈ వంశపు మందులు కాల్షియముతో ముడిపడి పూర్తిగా ఒంటబట్టక పోవుట కలదు. డాక్సీసైక్లినుకు ఈ బెడద తక్కువే యైనను, ఆ నెల దినములు మాత్ర మట్టుకు వరియన్నపు ముద్దలోనో, జొన్నరొట్టె తునకలోనో పెట్టుట మేలని నేను చెప్పుచుందును. సంగటి తరువాత పెట్టుకొనవచ్చును.

ఈ జబ్బునకు టీకా లేదు. ఒకమారు వచ్చి నయమైన కుక్కకు మరల రాదన్న భరోసాయు లేదు. గోడలోని పిడుదు కరచినచో మరల మొదటికి వచ్చును. కాబట్టి మందుతోబాటు గోడ పని చేయనివాడు సగము పనియే చేసినవాడు.

గోడ పని కష్టమైనది కాదు. ఎండ ముదురక మునుపే, ఉగాదికి ఇల్లు అలుకునప్పుడే, పగుళ్లను మట్టితోను సున్నముతోను పూడ్చవలెను. కుక్క పడుకొను చోట నేలనుండి నిలువెత్తు వరకును, దూలముల క్రిందను సందు మిగులరాదు. ఏలయనగా పిడుదు పైకెక్కు స్వభావము గలది. పూడ్చలేని సందులలో పశువుల ఆసుపత్రివారు చెప్పిన మందును డబ్బాపైనున్న కొలత ప్రకారము నీటిలో కలిపి చల్లవలెను. గ్రుడ్లకు మందు తగులదు గనుక రెండు మూడు వారములకు మరల ఒకమారు, ఆపైన మరియొకమారు చల్లవలెను. కుక్క పడుకొను గోనెను మరుగు నీటిలో వేయవలెను. కుక్క ఒంటిపై పశువులకు వాడు మందును కొలత లేక పూయుట ప్రమాదము. పేలకు, పిడుదులకు ఇంత మందు, కుక్కకు ఇంత మందు అని ఒక లెక్క యున్నది. కొన్ని మందులు కుక్కకు ఏమియు చేయక, అదే ఇంటనున్న పిల్లిని చంపును. కిరసనాయిలు పోయుట, బీడీతో కాల్చుట వలదు. నోట వేయు ఫ్లూరలానెరు వంటి మాత్రలు ఇప్పుడు వచ్చినవి. ఒక్కటి పన్నెండు వారములు పనిచేయును. మెడపట్టీలును కలవు. ఖరీదు ఎక్కువ, మంద కంతకు ఒకటి రెండే కుక్కలున్నవారు లెక్క చూచుకొని వాడవచ్చును.

పిడుదును తీయునప్పుడు చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి మెల్లగా పైకి లాగవలెను. గోటితో నలుపుట మన స్త్రీలకును పిల్లలకును అలవాటు. అది మానవలెను. ఈ కుక్కపిడుదే మనుష్యులకు పిడుదు టైఫసు జ్వరమును తెచ్చు వేరొక సూక్ష్మజీవిని మోయగలదు. నలిపిన పిడుదు రసము గోటి చీలికలోనికో, కంటిలోనికో పోవును. తీసిన దానిని స్పిరిటుగల సీసాలో వేసి మూత పెట్టవలెను. కుక్క ప్రక్కన పడుకొను పిల్లవానికి జ్వరము వచ్చి ఒంటిపై, అరచేతులలో, అరికాళ్లలో ఎఱ్ఱని దద్దులు లేచినచో, ఇంట పిడుదులున్న సంగతి డాక్టరుగారితో తప్పక చెప్పవలెను. అడిగిన గాని చెప్పనక్కరలేదని యూరకుండరాదు. కుక్క జ్వరము మాత్రము కుక్కను తాకుటవలన మనుష్యునకు అంటదు. జబ్బు కుక్కను తరిమివేయుట అనవసరము.

కాపరులలో కుక్కపిల్లలను ఇచ్చిపుచ్చుకొనుట పాత మర్యాద. మంచి కుక్క ఈనినదని తెలిసినచో ఇరువది మైళ్లు నడచిపోయి, ఒక కంబళి ముక్కలో చుట్టుకొని పిల్లను తెచ్చుకొందురు. ఆ కంబళి ముక్కతోనే పిడుదులును వచ్చును. అట్లు తెచ్చిన పిల్లను రొప్పము దగ్గరకు చేర్చకమునుపు పగటి వెలుతురులో ఒడిలో పెట్టుకొని, చెవుల లోపల, కాలివ్రేళ్ల నడుమ, తోక మొదట, మెడ క్రింద వ్రేళ్లతో తడవి చూడుడు. కంబళిని కాచిన నీటిలో వేయుడు. పెద్ద కుక్క రెండు దినములు వరుసగా కూడు మానినచో మూడవ నాడు ఆసుపత్రికి తీసికొని రండు. ముక్కునుండి నెత్తురు పడువరకు ఆగవలదు.